ఒకటిన్నర సెకను

ఏరు దాటించే ఐదున్నర పంటు అందుకోవాలి.

లాప్‌టాప్ బ్యాగ్ జాగ్రత్తగా చూసుకోవాలి.

పక్క సీట్లో కుర్రాడు తలుపు తీసి దూకకుండా చూసుకోవాలి.

వెనకాల వస్తున్న నల్ల బండికి దొరక్కూడదు.

దారిలో ఎవర్నీ గుద్దకూడదు.

రేపు పొద్దున్న కోర్టు తెరిచేలోగా ఈ ఎర్ర కారుని కాకినాడలో లాయర్ శారోన్‌కి అప్పగించాలి... కడక్కుండా, విప్పకుండా, ఇప్పుడెలా ఉందో అలాగే!

ఫిలిప్ చెయ్యాల్సిన పనులివి.

చేతిలో ఉన్నది ముప్పై నిమిషాలు.

థర్డ్ గేర్!

కాలు పూర్తిగా కిందికి తొక్కుతాడు. ముందు ఒక ఈల... సన్నగా, ఎక్కడో దూరంగా... ఆ వెంటనే వీపు మీద ఎవరో రెండు చేతులతో తోసినట్టు!

కారు ఏటిగట్టు మీద దూసుకుపోతోంది. ఒకవైపు గౌతమి. ఇంకోవైపు పల్లంలో కొబ్బరితోటలు. మధ్యలో రెండు బళ్ళు పక్కపక్కన పట్టని తారు రోడ్డు.

అద్దంలో నల్ల బండి కనిపిస్తోంది. మూడొందల గజాలు... రెండొందల యాభై...

గుంత!

ఫిలిప్ స్పీడు తగ్గిస్తాడు. తగ్గించక తప్పదు. నేలకి బెత్తెడు ఎత్తులో ఉండే కారు ఇది. నల్ల బండికి ఆ బాధ లేదు. గుంతల్ని తొక్కుకుంటూ వచ్చేస్తోంది.

"ఫిలిప్ గారూ, ఆపెయ్యండి! నాన్నగారు చంపేస్తారండి!"

"ఎవర్ని?"

"ఇద్దర్నీనండి!"

"మంచిదే. ఓ పనైపోద్ది."

కుర్రాడు సీటు బెల్టు గట్టిగా పట్టుకుంటాడు. పేరు విజయకుమార్. ఇరవై రెండేళ్ళు. ఈ కారు వాడిదే. వెనక నల్ల బండిలో ఉన్నది వాడి నాన్న శివప్రసాద్. మామిడికుదురు చుట్టుపక్కల రొయ్యల చెరువులన్నీ ఆయనవే అన్నంత మనిషి. అమలాపురం పోలీస్ స్టేషన్‌కి ఆయన ఫోన్ చేస్తే కూర్చున్నవాళ్ళు లేచి నిలబడి మాట్లాడతారు.

అందుకే ఫిలిప్ అమలాపురం వెళ్ళలేదు.

యానాం వైపు వంతెన దగ్గర శివప్రసాద్ మనుషులు. రావులపాలెం వంతెన దగ్గరా ఆయన మనుషులే. ఏరు దాటడానికి మిగిలింది ముక్తేశ్వరం రేవులో పంటు ఒక్కటే.

"నువ్వు ఫోన్ చెయ్యకుండా ఉంటే ఈపాటికి అవతలి గట్టున ఉండేవాళ్ళం," అంటాడు ఫిలిప్.

"భయమేసిందండి."

"నీకు ఎప్పుడూ భయమేనా? ఆ రోజూ భయమే, ఇవాళా భయమే. స్పీడు కొట్టేటప్పుడు మాత్రం ఉండదు!"

ఆ రోజు... అంటే పంతొమ్మిది రోజుల కిందట.

పొద్దున్న ఆరున్నర. అప్పనపల్లి వెళ్ళే రోడ్డు. ఒక దింపు కార్మికుడు రోడ్డు వారన నడిచి వెళ్తున్నాడు. కొబ్బరిచెట్టెక్కి కాయ దింపే మనిషి. ఒక కారు వచ్చి గుద్దింది. ఆగలేదు.

వెనకాల అప్పారావు వ్యాన్ వచ్చింది. ఆగింది.

అప్పారావు దిగి, పడిపోయిన మనిషిని చేతులతో ఎత్తి, కొబ్బరికాయల మధ్య చోటు చేసి పడుకోబెట్టి, అమలాపురం ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. మనిషి దారిలోనే పోయాడు.

వ్యాన్‌లో రక్తం. వ్యాన్ ముందు రేకుకి ఎప్పటిదో సొట్ట.

"ఎవరు గుద్దేరు?" అని పోలీసులు అడిగారు.

"చూళ్ళేదండి," అన్నాడు అప్పారావు.

సాయంత్రానికి లోపల వేశారు!

ఆగినవాడు జైల్లో. ఆగనివాడు ఇంట్లో.

అప్పారావుది ఫిలిప్ పక్కిల్లే. వాడి భార్య పార్వతి రోజూ పొద్దున్నే వచ్చి ఫిలిప్ షెడ్డు ముందు నిలబడుతుంది. ఏడవదు. అరవదు.

"అన్నయ్యగారూ, మీకు తెలిసిన ఆ కాకినాడ లాయరమ్మ గారేమన్నా చెప్పేరా?" అని అడుగుతుంది. లేదని చెప్తే "ఆయ్" అని వెళ్ళిపోతుంది.

పంతొమ్మిది రోజులు. పంతొమ్మిది "ఆయ్"లు.

ఇవాళ మధ్యాహ్నం మూడింటికి ఫిలిప్ దగ్గర జవాబు దొరికింది!

దొరికింది అతని షెడ్డులోనే. టార్పాలిన్ కింద, ఈ ఎర్ర కారులోనే.

ఈ కారు ఇంజన్ కట్టింది ఫిలిప్పే. పద్నాలుగేళ్ళు షార్జాలో రేసు కార్ల గ్యారేజీలో పనిచేసి ఇంటికొచ్చాక, మొట్టమొదటి పెద్ద పని అది. పుట్టుకతో తనంతట తాను గాలి పీల్చుకునే ఇంజన్. దాన్ని ఊడదీసి, బయటికి పోయే పొగతోనే చక్రం తిప్పించి, గాలిని బలవంతంగా లోపలికి కుక్కే టర్బో పెట్టాలి. ఇంటి వెనక రేకుల షెడ్డు. పైన తాటిదూలానికి చైన్ పుల్లీ. ఇంజన్ని పైకి లాగిన రోజు గొలుసు రెండో కొస పట్టుకున్నది అప్పారావు. టర్బో పెట్టె రాజమండ్రి నుంచి వచ్చింది కూడా అప్పారావు వ్యాన్‌లోనే.

ఏడు నెలలు పట్టింది. పిస్టన్లు మార్చాడు. రాడ్లు మార్చాడు. హెడ్డు కింద మందం గాస్కెట్ వేశాడు. పెట్రోలు ఎక్కువ పోసే ఇంజెక్టర్లు, టర్బోకి ఆయిల్ లైను, వేడి గాలిని చల్లబరిచే కూలర్... నలభై ఒక్క పనులు గోడ మీద సుద్దముక్కతో రాసుకుని, ఒక్కోటీ అయ్యాక టిక్కు పెట్టాడు. నలభై ఒకటో టిక్కు పెట్టిన రోజున పార్వతి కజ్జికాయలు చేసి పంపింది.

మొన్న ఆ కారు తిరిగొచ్చింది. ఒక లైటు లేదు. బానెట్ వంగింది.

"గేదె అడ్డొచ్చిందయ్యా," అన్నాడు శివప్రసాద్. "ఆ బానెట్టూ లైటూ మార్చెయ్. టర్బో గిర్బో పీకి పారేసి, కంపెనీ నుంచి ఎలా వచ్చిందో అలా పెట్టెయ్. తొందరేం లేదు. వారం రోజుల్లో చాలు."

ఫిలిప్ గేదెని నమ్మాడు.

కానీ స్పానర్ పట్టుకునే ముందు లాగ్ చదవడం అతని అలవాటు. ఇంజన్‌కి మెదడులాంటి పెట్టె ఒకటి పెట్టాడు. ఎప్పుడు, ఎక్కడ, ఎంత స్పీడు, టర్బో కుక్కే బూస్ట్ ఎంత, కాలు ఎంత తొక్కారు... అన్నీ క్షణక్షణం రాసుకుంటుంది. ఆ పెట్టెకి లాప్‌టాప్ తగిలించాడు.

దింపు మనిషి పోయిన తేదీ. ఆరు గంటల ముప్పై ఒక్క నిమిషం. అప్పనపల్లి రోడ్డు. స్పీడు నూట ఇరవై ఒకటి!

సరిగ్గా అప్పుడే విజయకుమార్ పని ఎంతవరకు వచ్చిందో చూద్దామని బైక్ మీద వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఎక్కు," అన్నాడు ఫిలిప్.

"ఎక్కడికండి?"

"ఎక్కరా!"

అంతే.

దారిలో కుర్రాడు జేబులోంచి ఫోన్ తీసి నాన్నకి చెప్పేశాడు. ఫిలిప్ ఆ ఫోన్ లాక్కుని కాలవలో పారేసేసరికే ఆలస్యమైపోయింది.

*

రెండొందల గజాలు.

నల్ల బండి హారన్ ఆపకుండా మోగుతోంది.

"నేను లాగ్ చూసేను," అంటాడు ఫిలిప్, రోడ్డు మీంచి కళ్ళు తీయకుండా. "మనిషి కనబడగానే నువ్వు యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేవు. అది అందులో ఉంది. కానీ స్పీడు తగ్గలేదు. ఒకటిన్నర సెకను... గీత గీసినట్టు అలాగే ఉంది. యాభై గజాలు! అంటే ఏంటి? కాలు తీసేవు గానీ బ్రేక్ తొక్కలేదు!"

"తొక్కేనండి!"

"అబద్ధం!"

"దేవుడి తోడండి, తొక్కేను! పెడల్ రాయిలా ఉందండి. రెండు కాళ్ళతో తొక్కేను. కదల్లేదు. ఆ తర్వాత ఒక్కసారే పట్టేసింది. అప్పటికే..."

"రాయి అయిపోయి, మళ్ళీ పెడల్ అయిపోయిందా? కథలు నాకు చెప్తావేంటి? ఈ కారు నాలుగొందల కిలోమీటర్లు నేనే తిప్పేను. ఒక్కసారి కూడా రాయి అవ్వలేదే!"

"నాన్నగారూ అదే అన్నారండి. వేరే మెకానిక్కుని పిలిపించి చూపించేరు. బ్రేకులు బ్రహ్మాండంగా ఉన్నాయన్నాడు." కుర్రాడు దవడ తడుముకుంటాడు. "అప్పుడు మొదలెట్టేరండి కొట్టడం. గుద్దినందుకు కాదు. అబద్ధం చెప్తున్నానని."

ఫిలిప్‌కి నమ్మకం కుదరదు. ఇలాంటి వాళ్ళని షార్జాలో చాలామందిని చూశాడు. గుద్దినవాడు ప్రతివాడూ మొదట అనే మాట ఒకటే... బ్రేక్ పడలేదు!

"మరి ఆగలేదేం?"

"ఆగేనండి. మలుపు దాటేక ఆగేను. వెనక వ్యాన్ వచ్చింది. ఆయన దిగి ఎత్తుతున్నారు. నేను వెళ్దామనుకున్నానండి. నాకు... కాళ్ళు రాలేదు."

"ఆ ఎత్తినోడు జైల్లో ఉన్నాడు."

"తెలుసండి."

"తెలిసి అన్నం ఎలా తింటున్నావు?"

కుర్రాడు కిటికీలోంచి బయటికి చూస్తాడు.

నూట యాభై గజాలు!

ఇక్కడ గుంతలు లేవు. కొత్తగా వేసిన రోడ్డు. తిన్నగా అర కిలోమీటరు. ఫిలిప్ కాలు కిందికంటా తొక్కుతాడు. ఈల! తోపు! తొంభై... నూట పది... అద్దంలో నల్ల బండి చిన్నదైపోతోంది... నూట ఇరవై...

మలుపు తిరుగుతాడు.

రోడ్డు మీద ధాన్యం!

సగం రోడ్డు ధాన్యం ఆరబోసి ఉంది. అంచున రాళ్ళు వరసగా పేర్చారు. మధ్యలో ఒకావిడ నడుం వంచి, వీపు ఇటు పెట్టి, కాళ్ళతో గింజలు తిరగదోస్తోంది!

ఫిలిప్ కాలు పెట్రోల్ మీంచి బ్రేక్ మీదికి దూకుతుంది.

రాయి.

పెడల్ రాయి!

మళ్ళీ తొక్కుతాడు. కదలదు. సిమెంటు దిమ్మని తొక్కినట్టు! కారు పోతోంది... ఆవిడ వీపు పెద్దదవుతోంది... ఆకుపచ్చ చీర... చీర మీద చిరుగు కూడా కనిపిస్తోంది...

హ్యాండ్ బ్రేక్! సెకండ్ గేర్! స్టీరింగ్ పక్కకి!

టైర్ల కింద గింజలు జారతాయి. కారు అడ్డం తిరిగిపోతుంది. రాళ్ళు టపటపా ఎగురుతాయి. ఎక్కడి నుంచో... ఆలస్యంగా... పెడల్ ఒక్కసారిగా మెత్తబడి కిందికి దిగుతుంది.

కారు ఆగుతుంది.

ఆవిడకీ బంపర్‌కీ మధ్య రెండు చేటలంత దూరం.

అద్దం మీద ధాన్యం వానలా రాలుతోంది.

తర్వాత ఆవిడకి ఊపిరి వస్తుంది.

"నీ కారు తగలెయ్యా! కళ్ళు ఇంట్లో పెట్టి తాళం వేసొచ్చేవా? ఇది రోడ్డనుకున్నావా, మీ అత్తారింటి వాకిలనుకున్నావా? ఆరు బస్తాల గింజ ఏట్లో కలిపేసేవు కదరా! ఏమేవ్, అందరూ రండే!"

గట్టు కింది నుంచి ఆడవాళ్ళు చీపుర్లతో, గింజలు లాగే పలుగొర్రులతో పైకొస్తున్నారు.

ఫిలిప్ వినడం లేదు.

అతను తన కుడికాలి వైపు చూస్తున్నాడు.

నాలుగొందల కిలోమీటర్లు తిప్పాడు. నిజమే. కానీ ప్రతిసారీ ముందు కాలు తీసి, ఇంజన్ని నెమ్మదించనిచ్చి, ఆ తర్వాతే బ్రేక్ తొక్కాడు. కొత్త ఇంజన్ కదా... బిడ్డలా చూసుకున్నాడు. ఫుల్ బూస్ట్ మీంచి నేరుగా బ్రేక్ మీదికి దూకడం ఇవాళే మొదటిసారి.

"ఏమైందండి?" అంటాడు విజయకుమార్. "మీరూ తొక్కేరు కదండి? రాయిలా ఉంది కదండి?"

ఫిలిప్ హ్యాండ్ బ్రేక్ దించుతాడు.

"చెప్పండి ఫిలిప్ గారూ! ఉంది కదా!"

"ధాన్యం మీద జారింది," అంటాడు ఫిలిప్.

అబద్ధం. నోట్లోంచి ఎంత తేలిగ్గా వచ్చిందో!

వెనక నల్ల బండి మలుపు తిరుగుతుంది. ఫిలిప్ ఫస్ట్ గేర్ వేసి, ధాన్యం దాటించి ముందుకి పోనిస్తాడు. అద్దంలో చూస్తాడు. ఆడవాళ్ళు పలుగొర్రులు అడ్డం పెట్టి నల్ల బండిని ఆపేశారు. ఆకుపచ్చ చీరావిడ బానెట్ మీద చరుస్తోంది. ముందు పోయినవాడి బాకీ కూడా వెనకొచ్చినవాడి దగ్గరే వసూలు చేసేలా ఉంది.

పది నిమిషాలు దొరికాయి.

పది నిమిషాలూ ఫిలిప్ నలభై దాటలేదు.

*

రేవు.

పంటు ఒడ్డునే ఉంది. కానీ బస్తాల లారీ ఎక్కేసింది. దాని చుట్టూ బైకులు, సైకిళ్ళు, మనుషులు.

"కారుకి చోటు లేదండి," అంటాడు పంటు మనిషి. "ఆరుంబావుకి ఇంకోటి వస్తది. ఇంజన్ ఆపేసి పక్కన పెట్టుకోండి."

ఫిలిప్ దిగుతాడు. బానెట్ ఎత్తుతాడు.

చేతులు వాటంతట అవే వెతుక్కుంటాయి. ఇంజన్ నుంచి బ్రేక్ డబ్బాకి వెళ్ళే నల్ల రబ్బరు గొట్టం. బొటనవేలంత లావు. మూరెడు పొడుగు. వేలు కాలుతున్నా లాగి ఊడదీస్తాడు.

ఒక కొస నోట్లో పెట్టుకుని ఊదుతాడు. అవతలి కొస నుంచి గాలి వస్తుంది.

తిప్పుతాడు. రెండో కొస నుంచి ఊదుతాడు.

ఇటునుంచీ వస్తుంది.

రాకూడదు!

బ్రేక్‌కి బలం ఇంజన్ పీల్పు నుంచి వస్తుంది. ఈ గొట్టంలోంచి ఇంజన్ గాలి పీలుస్తూ ఉంటే కాలికి తోడు దొరుకుతుంది. టర్బో పెడితే ఆ పీల్పు కాస్తా తోపుగా మారిపోతుంది. తోపు వెనక్కి వచ్చి బ్రేక్ డబ్బాలో నిండిందా... పెడల్ రాయి! అందుకే గొట్టం లోపల వేలి గోరంత వాల్వ్ ఉంటుంది. గాలిని ఒకవైపే పోనిస్తుంది.

పాత గొట్టంలో ఉంది. పాత గొట్టం పగిలిపోయిందని పారేశాడు. వాల్వ్‌తో సహా. కొత్త గొట్టం కోసి వేశాడు. వట్టి గొట్టం.

అప్పుడు అనుమానం ఎందుకు రాలేదు?

షార్జాలో బ్రేకులు ఫిలిప్ పని కాదు. పెషావర్ నుంచి వచ్చిన యూసఫ్ అని ఒకడుండేవాడు. గోడ మీద పనుల లిస్టులో సగం ఫిలిప్‌ది. సగం యూసఫ్‌ది. పద్నాలుగేళ్ళు ఎవరి సగం వాళ్ళు టిక్కు పెట్టుకున్నారు. ఇంటికొచ్చి, ఒక్కడే షెడ్డులో నిలబడి, సుద్దముక్క పట్టుకుని, గుర్తున్నదంతా రాశాడు.

తన సగమే రాశాడు.

నలభై ఒక్క పనులు! అన్నిటికీ టిక్కులు!

విజయకుమార్ చెయ్యి చాపుతాడు. ఫిలిప్ గొట్టం ఇస్తాడు. కుర్రాడు ఊదుతాడు. తిప్పి ఊదుతాడు. కాలేజీలో ఇంజనీరింగ్ వెలగబెట్టకపోయినా అర్థమయ్యే విషయమే అది.

"నేను తొక్కేనని చెప్పేను కదండి," అంటాడు మెల్లగా.

"చెప్పేవు బాబూ."

పంతొమ్మిది రోజుల్లో వాడి మాట నమ్మిన మొదటి మనిషి... వాడి బ్రేక్ పాడుచేసిన మనిషే!

కుర్రాడు సంతోషించడు. కోప్పడడు. గొట్టం చేతిలో పట్టుకుని అలాగే నిలబడతాడు. దిగేటప్పుడు తగిలించుకున్న లాప్‌టాప్ బ్యాగ్ వాడి భుజానికే వేలాడుతోంది.

వెనక బ్రేకుల చప్పుడు.

నల్ల బండి!

*

శివప్రసాద్ దిగుతాడు. తెల్ల చొక్కా మీద ధాన్యపు ఊక. వెనక ఇద్దరు మనుషులు. ఆయన అరవడు. ఆయన ఎప్పుడూ అరవడు.

"ఏవయ్యా ఫిలిప్పూ, మా అబ్బాయిని షికారు తిప్పుతున్నావా? చెప్తే మేమూ వచ్చేవాళ్ళం కదా."

"అబ్బాయిగారు బ్రేక్ తొక్కేరండి," అంటాడు ఫిలిప్.

"ఏంటీ?"

"తొక్కేరు. పట్టలేదు. తప్పు నాది. వాల్వ్ వెయ్యడం మర్చిపోయేను."

చెప్పేశాడు! ఏడు మాటలు, ఎనిమిది మాటలు... అంతే. గుండె మీంచి ఇంజన్ దింపినట్టుంది.

శివప్రసాద్ కొడుకు వైపు తిరుగుతాడు. వాడి ఎడమ దవడ మీద ఇంకా పచ్చగా ఉన్న మచ్చని చూస్తాడు. ఆయన చెయ్యి కొంచెం లేస్తుంది. ఎందుకు లేచిందో ఆయనకీ తెలిసినట్టు లేదు. మళ్ళీ దించేస్తాడు.

"అంటే... నేను పంతొమ్మిది రోజులుగా దాచిపెడుతున్నది మావాడి తప్పు కాదన్నమాట."

"కాదండి. లాప్‌టాప్‌లో ఉన్న ఆ లాగ్ మీ అబ్బాయిని కాపాడుద్ది. దానికోసమే మీరు నన్ను తరుముకొచ్చేరు."

శివప్రసాద్ నవ్వుతాడు. చేదుగా, చిన్నగా. ఆ నవ్వు అయిపోయేలోపలే ఆయన బుర్ర లెక్క కట్టేసింది.

"ఎవరెవరికి తెలుసు?"

"మన ముగ్గురికేనండి."

"బావుంది. ఇక్కడితో ఆపేద్దాం." ఆయన ఫిలిప్ భుజం మీద చెయ్యి వేస్తాడు. సొంత అన్నలా. "చూడు. ఇది బయటికొస్తే ముందు నిన్ను లోపలేస్తారు. మనిషి ప్రాణం పోయింది కదయ్యా. పాస్‌పోర్టు లాక్కుంటారు. ఈ జన్మలో ఎవడూ నీ చేతికి స్పానర్ ఇవ్వడు. తర్వాత పారిపోయినందుకు వీడు. దాచినందుకు నేను. బయటికి రాకపోతే? ముగ్గురం ఇళ్ళల్లో ఉంటాం."

"అప్పారావో అండి?"

"ఆడికి పెద్ద లాయర్ని నేను పెడతాను. మహా అయితే రెండేళ్ళు. ఆడి పిల్లల చదువు నాది. పార్వతికి మా రొయ్యల ప్లాంటులో పని. ఇప్పుడు ఆ సంసారం నడుస్తున్న దానికన్నా బాగా నడుస్తది. ఏమంటావు?"

పంటు హారన్ మోగుతుంది.

ఫిలిప్ ఏరు వైపు చూస్తాడు. పార్వతి గుర్తొస్తుంది. రోజూ వచ్చి నిలబడే చోటు గుర్తొస్తుంది. జైలు గుర్తొస్తుంది. తన చేతులు గుర్తొస్తాయి... పద్నాలుగేళ్ళు ఎడారిలో కాల్చుకుని నేర్చుకున్న పని. ఆ పని తప్ప ఈ లోకంలో తనకేం తెలుసు?

చెప్పాల్సిన మాట గొంతు దాకా వస్తుంది.

బయటికి వచ్చింది మాత్రం వేరే మాట.

"ఆయ్," అంటాడు ఫిలిప్.

పెద్దమనిషి ఏమంటే దానికి చిన్నప్పటి నుంచీ అన్న మాట. షార్జాలో కూడా మానని మాట. అనేశాక వెనక్కి తీసుకుందామనిపించింది. తీసుకోలేదు.

"మంచోడివి," అంటాడు శివప్రసాద్. "ఆ బ్యాగ్ ఇలా ఇవ్వరా విజ్జీ."

ఆయన వెనక్కి చెయ్యి చాపుతాడు.

"విజ్జీ?"

పక్కన కుర్రాడు లేడు!

పరుగు!

రేవు మెట్ల మీద పరుగు! భుజాన బ్యాగ్, చేతిలో నల్ల గొట్టం! పంటు తాడు వదిలేసింది. ఒడ్డుకీ పంటుకీ మధ్య నీళ్ళు... మూడడుగులు... అయిదు...

"పట్టుకోండ్రా!"

ఇద్దరు మనుషులూ పరిగెడతారు.

ఏడడుగులు!

విజయకుమార్ ఎగురుతాడు.

మోకాళ్ళ మీద పంటు చెక్క మీద పడతాడు. ఎవరో చొక్కా పట్టుకుని లోపలికి లాగుతారు. బైకుల మధ్యలోంచి లేచి నిలబడతాడు. మోకాలి నుంచి రక్తం కారుతోంది.

"రేయ్! దిగు!" మొదటిసారి శివప్రసాద్ అరుస్తాడు. "నీకోసం కాదట్రా ఇదంతా చేసింది!"

"నాకోసం కాదు నాన్నగారూ!" నీళ్ళ మీంచి వినిపిస్తుంది గొంతు. "ఆయన ఎత్తుతుంటే నేను చూసేను! నేను చూసేనండి!"

పంటు ఇంజన్ ఆ తర్వాతి మాటల్ని మింగేస్తుంది.

ఫిలిప్ రేవు రాతి మీద కూలబడతాడు. భయం వేస్తుందనుకున్నాడు. భయం కాదు. హమ్మయ్య అనిపించింది! అప్పారావు బయటికొస్తాడు...

ఆ వెంటనే సిగ్గు. తను చెయ్యాల్సిన పని అది. ఇరవై రెండేళ్ళ కుర్రాడి కాళ్ళతో జరిగింది.

*

కుర్రాడు ఆ బ్యాగూ గొట్టమూ కాకినాడలో శారోన్ చేతిలో పెట్టాడు. నాలుగో రోజున అప్పారావుని వదిలేశారు. వాడు ఫిలిప్ ఇంటి ముందు నుంచే నడిచి వెళ్ళాడు. షెడ్డు వైపు తల తిప్పలేదు. పార్వతి కూడా.

పోలీసులు పిలిచిన రోజున ఫిలిప్ వెళ్ళాడు. పిలవకముందు వెళ్ళలేదు. అడిగినదానికి దాచకుండా చెప్పాడు. గోడ మీద లిస్టుని ఫోటో తీసుకున్నారు.

పేపర్లో పెద్దగా వచ్చింది. ఎర్ర కారు బొమ్మ వేశారు. టర్బో పెట్టాక ఎన్ని గుర్రాల బలం వచ్చిందో రాశారు. శివప్రసాద్ చెరువుల గురించి రాశారు. నాన్నని కాదని ఏరు దాటిన కొడుకు గురించి రాశారు. జైల్లో ఇరవై మూడు రోజులున్న వ్యాన్ డ్రైవర్ గురించి, షార్జా నుంచి వచ్చిన మెకానిక్ గురించి రాశారు.

చనిపోయినవాడి గురించి ఒక్కటే ముక్క. "ఓ దింపు కార్మికుడు."

గట్టు మీద అంత పరుగులోనూ, రేవులో అంత వాదనలోనూ ఒక్కళ్ళు కూడా అతని పేరెత్తలేదు. ఫిలిప్ ఎత్తలేదు. కుర్రాడు ఎత్తలేదు. ఇప్పటిదాకా ఈ కథ కూడా ఎత్తలేదు.

అతని పేరు దుర్గారావు.

నలభై ఆరేళ్ళు. రోజుకి నలభై చెట్లెక్కేవాడు. కాయని వేలితో కొట్టి, చప్పుడు విని, ఇంకో పది రోజులు ఆగమని తోట యజమానికే చెప్పేవాడు. ఆ పొద్దున్న భుజాన తాడు వేసుకుని, రోడ్డుకి వారగా, ఎవరికీ అడ్డం రాకుండా నడుస్తున్నాడు. భార్య చిన్నమ్మలు కట్టిచ్చిన చద్దన్నం గిన్నె మాత్రం సొట్ట పడకుండా దొరికింది.

ఇంజన్ సంగతి మీరు మర్చిపోయినా పర్వాలేదు. ఫిలిప్‌ని మర్చిపోయినా పర్వాలేదు.

దుర్గారావుని గుర్తుపెట్టుకోండి.